ఎక్కడా ఆగకుండా

సంపాలోక్, మనీలా
1991 సెప్టెంబరు

నానాయ్ పాసింగ్ గారికి,

లూదీ మిమ్మల్ని "ఇనాంగ్" అని పిలిచేది. అమ్మను అలా పిలిచే హక్కు దానిది, ఆ పిలుపు నేను ముట్టుకోను. నాకు మీరు నానాయ్. మీ చేతివంట ఇన్నాళ్లు తిన్న నోటికి ఆ మాత్రం చనువు ఉంటుందనుకుంటాను.

క్షేమంగా చేరాను. ఉత్తరం ఆలస్యమైంది, కోప్పడకండి. లూదీ శవం దగ్గర జాగారం చేసి వచ్చిన మర్నాడే నాకు కెమిస్ట్రీ పరీక్ష. నా కెమిస్ట్రీ సంగతి మీకు తెలియనిదా! సంగీతంలో డిగ్రీ చేతపట్టుకుని డాక్టరునవుతానని బయల్దేరిన మహాతల్లిని. మెడికల్ కాలేజీవాళ్లు పాపం కాదనలేదు. "ఏ డిగ్రీ అయినా ఫరవాలేదమ్మా, ముందు కెమిస్ట్రీ, ఫిజిక్స్, జీవశాస్త్రం విడిగా చదివి పాసవ్వు, ఎంట్రన్స్ రాయి, ఇంటర్వ్యూకి రా" అన్నారు. అందుకని ఇప్పుడు మీసాలు రాని పిల్లకాయల మధ్య కూర్చుని గాజు గొట్టాలు కడుగుతున్నాను. నన్ను "అత్తా" అంటున్నారు వెధవలు.

లూదీ లేకపోతే మొదటి నెలలోనే మూటాముల్లె సర్దుకునేదాన్ని. పెన్సిల్‌తో మా ఇద్దరి గదిలో బల్ల మీద టిక్కు టిక్కుమని కొడుతూ పాఠం చెప్పేది. బుర్రనిండా పుస్తకాలు, కానీ ఇంటర్వ్యూ గదిలో అడుగుపెడితే నోరు పెగిలేది కాదు. రెండుసార్లూ మూగదానిలా కూర్చుని వచ్చింది. "నీ నోరు నాకుంటే ఫెలీ, నా బుర్ర నీకుంటే!" అని నవ్వేది. మూడోసారికని నేనే దానికి ఊపిరి పట్టడం, గొంతు విప్పడం నేర్పుతున్నాను. ఇంతలోనే ఆ మాయదారి డెంగీ జ్వరం.

ఒక్క సంగతి మాత్రం మనసులో కెలుకుతోంది. చర్చిల్లో చావులకు పాడేదాన్ని కదా. ఊరూపేరూ తెలియనివాళ్ల శవాల దగ్గర్నుంచి వస్తూ కూడా, దారిలో ఎక్కడో ఆగి ఇంత కోడిగంజి తాగి, వెంటబడి వచ్చిన ఆత్మలేవైనా ఉంటే అక్కడే దులిపేసుకున్నాకగానీ ఇంటి గడప తొక్కలేదు. లూదీ దగ్గర్నుంచి మాత్రం నేరుగా వచ్చేశాను. చావింటివాళ్లు సాగనంపకూడదని చుట్టాలు మొత్తుకుంటున్నా వినకుండా మీరే జీప్నీ దాకా వచ్చి ఎక్కించారు. నేను ఏడ్చి ఏడ్చి నిద్రపోయాను. డ్రైవరు మాంగ్ దెన్సియో బండి ఎక్కడా ఆపలేదు. కళ్లు తెరిస్తే మా గుమ్మం.

పరీక్ష పాసయ్యాను నానాయ్. క్లాసులో నాదే మొదటి మార్కు! నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

ఇంటావిడ ఆలింగ్ బియాతా నిన్న స్నానాలగది దగ్గర నిలేసింది. "ఏమే ఫెలీ, గదిలో ఎవర్ని దాచావే? నువ్వు బయటికొచ్చి తల తుడుచుకుంటున్నా లోపల నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వస్తోందే!" అంది. కుళాయి కారుతోందని చెప్పి తప్పించుకున్నాను.

మీ ఫెలీసా


లుంబాన్, లగూనా
1991 అక్టోబరు

తల్లీ ఫెలీసా,

నీ ఉత్తరం అందింది. కుట్టుపని పక్కన పడేసి చదువుకున్నాను. పరీక్షలో మొదటి మార్కు వచ్చిందని చదివి అక్కడే కూర్చుని నవ్వాను. ఇంట్లో చావు జరిగాక నవ్వడం అదే మొదలు.

దులుపుడూ గిలుపుడూ అంటూ మనసు పాడుచేసుకోకు. డాక్టరు కాబోయేదానివి, నువ్వే అవన్నీ నమ్మితే మాలాంటివాళ్ల గతేమిటి? హాయిగా చదువుకో. లూదీ బల్ల దగ్గరే కూర్చో. దాని మంచం ఖాళీగా ఉంచు, వేరే పిల్లనెవరినీ రానివ్వకు. అద్దె సంగతి నేను బియాతాతో మాట్లాడతాను.

నలభయ్యో రోజు ప్రార్థన జరిపించాం. ఆ రోజుతో ఆత్మ పైకి వెళ్లిపోతుందంటారు కదా. చుట్టాలందరూ ఏడ్చారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. నా కూతురు ఎక్కడికీ వెళ్లలేదనిపించింది. ఫాదర్ గారు నాకేసి అదోలా చూశారు.

అన్నట్టు, లూదీకి రోజుకు రెండుపూటలా స్నానం అలవాటు. చన్నీళ్లయినా సరే, మానేది కాదు. ఆ కుళాయి బాగుచేయించకులే.

నానాయ్


సంపాలోక్, మనీలా
1991 డిసెంబరు

నానాయ్ గారికి,

ఎంట్రన్స్ రాశాను. ఎలా రాశావని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. హాల్లో ఉండగానే కరెంటు పోయింది. మనీలాలో అది రోజూ ఉండే భాగోతమే. ఫ్యాన్లు ఆగాయి, గది నిశ్శబ్దమైంది. టిక్కు టిక్కుమని పెన్సిల్ చప్పుడు. పరీక్ష కాపలా ఆయన నా దగ్గరికొచ్చి "అమ్మాయ్, ఆ కొట్టడం ఆపు, పక్కవాళ్లకు ఇబ్బంది" అన్నాడు. నా పెన్సిల్ కాగితం మీదే ఉంది, నానాయ్! నా పక్క కుర్చీ ఖాళీ. ఆయన ఆ కుర్చీ వైపే చూసి, మళ్లీ నన్ను చూసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నా చెయ్యి దానంతటదే గళ్లు నింపుకుంటూ పోయింది. చదివిందేమో నేనే. గుర్తుపెట్టుకుంది ఎవరో.

భయపడ్డానా అంటే లేదు. లూదీ అంటే నాకు ప్రాణం. అది పక్కనుంటే నాకు ధైర్యమే. కానీ ఆదివారం పెళ్లిలో పాడుతుంటే మా మాస్ట్రో చెయ్యెత్తి బృందం మొత్తాన్నీ ఆపేశాడు. "ఫెలీసా, గొంతు నీదేగానీ ఆ శ్రుతి ఎవరిదే?" అన్నాడు. అందరూ నవ్వారు. మళ్లీ పాడాను, మళ్లీ అదే. లూదీ పాట మీరు విన్నారుగా, పాపం దానికి శ్రుతి అన్నది పుట్టుకతోనే లేదు. అది కూనిరాగం తీస్తే ఆలింగ్ బియాతా కుక్క మంచం కింద దూరేది. మొన్న నేను పాడుతుంటే అదే కుక్క, అదే మంచం కింద దూరింది.

నాకున్నదల్లా ఈ గొంతే. ఆలస్యంగా దులుపుకుంటే పనిచేస్తుందా, నానాయ్? ఎలా చెయ్యాలి? పెద్దవాళ్లు, మీకు తెలుస్తుంది. లూదీ నొచ్చుకోకుండా చేసే దారేదైనా ఉంటే చెప్పండి.

మీ ఫెలీసా


లుంబాన్, లగూనా
1992 జనవరి

తల్లీ,

పాటెందుకే, డాక్టరుకి? రోగులకు పాడి వినిపిస్తావా? జలుబు చేసుంటుంది, అల్లం కషాయం తాగు.

దులపాల్సిందేమీ లేదు. ఎక్కడా ఆగకు. గంజి అంగళ్ల వైపు పోకు. ఇంటర్వ్యూ అయ్యేదాకా వేరే చావులకు పాడటానికి కూడా వెళ్లకు. కాలేజీకి వెళ్లు, నేరుగా గదికి రా. అంతే.

మాంగ్ దెన్సియోతో ఒక తెల్ల చొక్కా పంపుతున్నాను. ఇంటర్వ్యూకి వేసుకో. అనాసనార బట్ట, మెడ చుట్టూ మల్లెమొగ్గల కుట్టు నేనే వేశాను. లూదీ కొలతలకు ఎప్పుడో కుట్టి ఉంచినది. నువ్వు దానికంటే జానెడు పొడుగు. అయినా ఒకసారి వేసుకుని చూసి రాయి.

నానాయ్


సంపాలోక్
ఫిబ్రవరి

ఇనాంగ్,

చొక్కా సరిపోయింది. చేతులు మణికట్టు దాకా వచ్చాయి.

ఎంట్రన్స్ ఫలితం వచ్చింది. జీవశాస్త్రంలో నూటికి తొంభైతొమ్మిది మంది నా వెనకే ఉన్నారు. ఇంటర్వ్యూ ఏప్రిల్‌లో. ఈసారి గొంతు ఉంది. భయం లేదు.

కంట్లో మందు వేసుకుంటున్నావా? ముందు కుడికంట్లో వెయ్యి, అదే ఎక్కువ మసక. వెనకగది కిటికీ రెక్క ఊగుతోంది, బిగించు. జల్లు కొడితే నా పుస్తకాలు తడుస్తాయి. నా కోసం పస్తులుండకు. వేళకు తిను.


లుంబాన్, లగూనా
1992 ఫిబ్రవరి

నా బంగారు తల్లీ,

ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో! ఇనాంగ్ అన్నావు. ఆ పిలుపు మళ్లీ వింటాననుకోలేదు. దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. కిటికీ బిగించాను. మందు ముందు కుడికంట్లోనే వేసుకుంటున్నాను. తింటున్నాను కూడా, నీ మీద ఒట్టు.

ఇంటర్వ్యూలో కంగారుపడకు. వాళ్లేం అడిగినా ఆ నోటితో నువ్వే జవాబు చెప్పు. ఫెలీసాది మంచి మనసు, అడ్డురాదు. ఈసారి నిన్ను ఎవరూ మూగదంటూ వెనక్కి పంపలేరు.

నీ ఇనాంగ్


సంపాలోక్, మనీలా
1992 మార్చి

నానాయ్ గారికి,

ఈ ఉత్తరం నేను రాస్తున్నాను. ఫెలీసాను. మీ ఇంట్లో మూడు గిన్నెల పాయసం తాగి కడుపునొప్పితో దొర్లిన ఫెలీసాను.

ఫిబ్రవరి ఉత్తరం నేను రాయలేదు. మీ జవాబు చూసేదాకా అలాంటిదొకటి ఉందనే తెలియదు. మీ వెనకగది నేనెన్నడూ చూడలేదు, దానికి కిటికీ ఉందని నాకెలా తెలుస్తుంది? లేచి ఆ చొక్కా వేసుకున్నాను. జానెడు పొట్టి కావాల్సింది నా ఒంటికి అతికినట్టుంది.

నిన్న సంతలో మాంగ్ దెన్సియో కనిపించాడు. మాటల్లో ఆ రోజు ప్రయాణం సంగతి వచ్చింది. "అమ్మో, మీ నానాయ్ నాచేత ఒట్టు వేయించుకుంది. పెట్రోలుకి కూడా ఆపొద్దంది. దారి పొడుగునా ఒంటికొస్తున్నా బిగబట్టుకుని తోలాను తల్లీ, నా కష్టం పగవాడికి కూడా వద్దు!" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గుమ్మం దాటి వచ్చి మీరు నన్ను సాగనంపింది నా కోసం కాదన్నమాట. మీరు ఎక్కించింది ఇద్దర్ని.

నన్నొక్కమాట అడగొచ్చు కదా! అడిగితే కాదనేదాన్నా? ఏమో, అనేదాన్నేమో. అడక్కుండా నా ఒంట్లోకి అద్దెకు దించారు. కోపంతో ఉడికిపోతున్నాను, కోపం చాలక ఏడుస్తున్నాను.

అసలు భయం అది కూడా కాదు. ఇంటర్వ్యూలో ఎవరినైనా ముందు అడిగేది ఒకటే. డాక్టరు ఎందుకు కావాలి? సంగీతం చదివినదాన్ని, నన్ను మరీ గుచ్చి అడుగుతారు. అద్దం ముందు నిలబడి సాధన చేద్దామని నోరు తెరిచాను. "నాన్న నా చిన్నప్పుడే వైద్యం అందక పోయాడు, ఆ రోజే ఇనాంగ్‌కి మాటిచ్చాను" అంది నా నోరు. మా నాన్న నిక్షేపంగా ఉన్నాడు, బతంగాస్‌లో చేపలమ్ముతున్నాడు! ఎంత తన్నుకున్నా నా కారణం నాకు గుర్తురావడం లేదు. ఏదో ఉంది, చాలా పెద్దదే, దాని కోసమే కదా ఈ వయసులో పిల్లకాయల చేత అత్తా అనిపించుకున్నాను. ఆ చోట ఇప్పుడు మీ అమ్మాయి కారణం ఉంది.

ఒకసారి మీ వంటింట్లో కూర్చుని అది మీకు చెప్పాను. మీరు బియ్యం ఏరుతున్నారు. అంతవరకు గుర్తుంది. నేనేం చెప్పానో రాసి పంపండి. అది లేకుండా ఆ గదిలోకి వెళితే, వెళ్లేది నేను కాదు. తిరిగొచ్చేది కూడా నేను కాదు.

ఫెలీసా


లుంబాన్, లగూనా
1992 మార్చి

ఫెలీసా,

అవును, నేనే పంపాను. తప్పని నువ్వంటావు, ఫాదర్ గారూ అంటారు. కన్నకూతురు శవపేటిక మూత వేస్తుంటే నువ్వు చూసుంటే తెలిసేది. ఆ పిల్ల చిన్నప్పటినుంచీ ఒక్కటే కోరింది. రెండుసార్లు ఆ గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. మూడోసారి వెళ్లకుండానే మట్టిలో పెట్టమంటారా? నీకు నోరుంది, దానికి చదువుంది. ఇద్దరూ కలిసి ఒక డాక్టరు కాలేరా అనుకున్నాను. నీకేం తక్కువైంది చెప్పు? మొదటి మార్కులు రాలేదూ?

ఒక్క పూట, తల్లీ. ఆ ఒక్క ఉదయం నీ నోరు దానికి ఎరువియ్యి. తర్వాత ఏ గంజి అంగడిలోనైనా దులుపుకో, నేను అడ్డురాను.

ఇంతవరకు రాసి పక్కన పెట్టాను. సూది పట్టుకుని, వేసిన కుట్టే మళ్లీ విప్పాను. అద్దంలో నీ నోరు మా ఆయన చావు చెప్పిందని రాశావే, అది చదివినప్పటినుంచీ ముద్ద దిగడం లేదు. లూదీ మంచిపిల్ల. అది దొంగతనం చెయ్యదు. చేయించింది నేను.

నువ్వు చెప్పింది ఇది. తోందోలో ఒక పసిపిల్ల చావుకి పాడటానికి వెళ్లావు. విరేచనాలతో పోయింది. ఇంత ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు వేళకు పట్టించి ఉంటే బతికేది. చిన్న తెల్లపెట్టె. పాట అయ్యాక ఆ తల్లి నీ చెయ్యి పట్టుకుని "ఇంత బాగా పాడావు, ఎక్కడున్నావమ్మా? నిన్ననే రాకూడదూ?" అంది. ఆమెకు మతి చలించి అన్న మాటేగానీ నువ్వు ఆ రోజంతా అన్నం తినలేదు. "నానాయ్, నన్ను ఎప్పుడూ మర్నాడే పిలుస్తున్నారు. ముందురోజు పిలిచే మనిషిని కావాలి" అన్నావు.

ఇది నీది. నీకిచ్చేశాను. ఇక నీ ఇష్టం.

పాసింగ్


సంపాలోక్, మనీలా
1992 ఏప్రిల్

నానాయ్ గారికి,

మీ ఉత్తరం చదువుతుంటే ఆ తల్లి చేతి తడి నా చేతికి మళ్లీ తగిలింది. ఇంతకంటే పెద్ద కానుక నాకెవరూ ఇవ్వలేదు. మీకది ఎంత కష్టమో తెలుసు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే మీ చొక్కా వేసుకుని బయల్దేరాను. కాలేజీ గేటుకు ఎదురుగా పచ్చరేకుల గంజి అంగడి ఉంది. గోడవారగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని రెండు గిన్నెలు చెప్పాను, ఒకదాంట్లో లూదీకి ఇష్టమని వేయించిన వెల్లుల్లి దండిగా వెయ్యమన్నాను. "ఇంకొకరు రావాలా?" అంది వడ్డించే ఆవిడ. "వచ్చేసింది" అన్నాను.

లూదీతో చాలాసేపు మాట్లాడాను. జనం వింతగా చూశారు, చూడనీ. "లూదీ, నీకు నా నోరు ఇవ్వలేనే. ఇస్తే నేను ఉండను. నువ్వు చెప్పిన పాఠాలన్నీ మళ్లీ మొదట్నుంచి చదువుకుంటాను, ఒట్టు. నా మీద అలగకు" అన్నాను. బల్ల మీద టిక్కుమని ఒక్కసారి చప్పుడైంది. మళ్లీ కాలేదు. నేను లేచేసరికి దాని గిన్నె నిండుగానే ఉంది, చల్లారిపోయింది. పైన వెల్లుల్లి మాత్రం లేదు.

వెనక్కి చూడకుండా రోడ్డు దాటాను. గేటు దగ్గర చూసుకుంటే చొక్కా చేతులు మణికట్టు పైకి ఎగబాకి ఉన్నాయి.

లోపల ముగ్గురు డాక్టర్లు. రక్తం గడ్డకట్టడం గురించి ఏదో అడిగారు. బుర్ర కడిగేసిన పలకలా ఉంది. "తెలియదండీ. నేర్చుకుంటాను" అన్నాను. "ఈ మార్కులు తెచ్చుకున్నది నువ్వేనా?" అన్నాడు పెద్దాయన. "ఒక స్నేహితురాలు చదివించింది. ఇప్పుడు లేదు" అన్నాను. తర్వాత అడిగారు, డాక్టరెందుకని. ఆ తెల్లపెట్టె సంగతి చెప్పాను. చివరికి ఆ పెద్దాయనే "ఆ రోజు ఏం పాడావమ్మా?" అన్నాడు. ఒక చరణం పాడి వినిపించాను.

శ్రుతి ఎక్కడా తప్పలేదు, నానాయ్. ఒక్క స్వరం కూడా తప్పలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. అది నిజంగానే దిగిపోయిందని అప్పుడు తెలిసింది.

దాన్ని గంజి అంగడిలో ఒంటరిగా వదిలేసి వచ్చినదాన్ని. నన్ను క్షమిస్తారా?

ఫెలీసా


లుంబాన్, లగూనా
1992 జూన్

తల్లీ ఫెలీసా,

సీటు వచ్చిందన్న తంతి అందింది. దేవుడు చల్లగా చూడాలి. దీంతోపాటు నీకు తెల్లకోటు పంపుతున్నాను. కొలతలు నీవే, ఈసారి దెన్సియోని పంపించి బియాతా దగ్గర్నుంచి నీ పాత గౌను తెప్పించుకుని మరీ కుట్టాను. జేబు మీద నీ పేరు ఉంది, మెరుపుదారంతో. చేతులు పొట్టి కావు. దాన్ని వేసుకున్న రోజు ఆ పసిపిల్ల పేరు చెప్పి ఒక దీపం వెలిగించు.

నీ మీద నాకు కోపం లేదు. నిజానికి నీ ఉత్తరం చదవగానే లేచి చెప్పులేసుకున్నాను. దెన్సియోని లేపి మనీలా తీసుకెళ్లమన్నాను. నీ గదికి రాలేదు, నొచ్చుకోకు. పచ్చరేకుల అంగడి దొరికింది. గోడవారగా ఉన్న బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. ఆ వడ్డించే ఆవిడ "అక్కడ కూర్చున్నవాళ్లు చలేస్తోందని లేచిపోతున్నారమ్మా, వేరే బల్ల చూసుకోండి" అంది. అక్కడే కూర్చున్నాను. రెండు గిన్నెలు చెప్పాను. వెల్లుల్లి దండిగా. తిన్నాక లేచి "పద" అన్నాను, అంతే.

దారిలో దెన్సియో గొణుగుతూనే ఉన్నాడు. కాలంబా దగ్గర కాఫీ తాగుదామన్నాడు, వద్దన్నాను. పెట్రోలు ముందే పోయించాను. ఎక్కడా ఆగలేదు.

సాయంత్రమవుతోంది. ఇంట్లో నేనొక్కదాన్నే. స్నానాలగదిలో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు, మధ్యలో శ్రుతీ పాడూ లేని కూనిరాగం. పక్కింటి కుక్క అరుగు కిందికి దూరింది.

ఎప్పుడూ ఇంతే, తువ్వాలు తీసుకెళ్లడం మర్చిపోతుంది. అందించి రావాలి. ఉంటాను తల్లీ.

నానాయ్